ఒకటి తోస్తే ఒకటి లాగింది

మా బావ నాతో మాట్లాడటం మానేసింది ఒక వానాకాలంలో. అరిచి, నాలుగు తిట్టి మానేసుంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు. మర్యాదగా మానేశాడు. "కాస్త జరుగు", "భోజనానికి పిలుస్తున్నారు", "తాళం ఎక్కడ పెట్టావ్" లాంటివి ఇప్పటికీ అంటూనే ఉంటాడు. వాటిని కూడా మాటల కింద జమ కట్టుకుంటే గోడ గడియారం కూడా నాతో మాట్లాడుతున్నట్టే.

మాది స్పీకరు పెట్టెలు చేసే షాపు. కింద షాపు, దాని వెనక అందరికీ కలిపి ఒకే వంటిల్లు, పైన రెండు వాటాలు. ఒకదాంట్లో అక్కా బావా, ఇంకోదాంట్లో నేనూ మా ఆవిడా. ఇల్లు బావది. చెక్కపని నాది, వైరింగు ఆయనది. నేను ఏడో తరగతిలో బడికి దణ్ణం పెట్టి రంపం పట్టినవాణ్ణి. ఆయన రేడియో కోర్సు చదివి, సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించినవాడు. బయట బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉండేది. నా పేరుకి చోటు చాల్లేదని పెయింటరు అన్నాడట. చోటు చాలకపోవటానికి నా పేరేమీ రైలుబండి కాదు.

అక్క పెళ్ళికి ముందు రేడియోల ఫ్యాక్టరీలో పనిచేసింది. రోజంతా బల్ల ముందు కూర్చుని వైర్లకు టంకం పెట్టటమే పని. పెళ్ళయ్యాక ఆ చేత్తో గరిటె పట్టుకుంది. షాపులోకి టీ తేవటం తప్ప మా పనిలో వేలు పెట్టేది కాదు. అలాగని మేం అనుకునేవాళ్ళం.

ఒకప్పుడు మా పెట్టెలు నలుగురు మోస్తే గానీ కదిలేవి కావు. పెద్ద పెద్ద హాళ్ళకి, స్టేజీలకి చేసేవాళ్ళం. తర్వాత వీధి చివర గాజు తలుపుల షాపు వచ్చింది. అట్టపెట్టెలో తెచ్చుకుని, తాడు కోసి, ప్లగ్గు గుచ్చితే మోగే సామాను. మా దగ్గరికి చిరిగిన స్పీకర్లకు అతుకులు వేయించుకునేవాళ్ళే మిగిలారు. ఆ ఏడు మొదటి వాన పడ్డ రోజు, షట్టరు కింద నుంచి లోపలికొస్తున్న నీళ్ళని గోనెసంచితో తోస్తూ బావ అన్నాడు:

"ఈ వానలు వెళ్ళేదాకా చూద్దాంరా. అప్పటికీ ఇంతే అయితే షాపు అద్దెకిచ్చేద్దాం. ఫోన్లవాడు అడుగుతున్నాడు."

"మరి నేనేం చెయ్యాలి?"

"చేతిలో పనున్నవాడివి. తలుపులు చెయ్యి, మంచాలు చెయ్యి."

గాలి చీమంత కూడా బయటికి పోకుండా పెట్టె మూలలు కలిపే చెయ్యి నాది. ఎవడో అర్ధరూపాయి గొళ్ళెం బిగించుకునే తలుపులు చెయ్యమంటున్నాడు. నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేను తిన్నదానికంటే మింగిందే ఎక్కువ.

పళ్ళ డాక్టరు గారు వచ్చింది ఆ తర్వాతే. గొడుగు బయటే దులుపుకుని, లోపలికి వచ్చి, స్టూలు తుడుచుకుని కూర్చున్నారు.

"నాకు చప్పుడొద్దండీ, సంగీతం కావాలి," అన్నారు. "ఇంత పెద్ద సబ్ ఊఫరు కొన్నాను. సినిమా పెడితే ఇల్లు అదురుతుంది, బానే ఉంది. పాట పెడితే మాత్రం బిందెలో తల పెట్టి విన్నట్టుంటుంది. నా కుర్చీలో ఒకటే మోత. మా ఆవిడ కుర్చీలో అసలేం వినబడదట. నేను తగ్గించమంటాను, ఆవిడ పెంచమంటుంది. రిమోటు ఇద్దరి మధ్యా నలిగిపోయింది."

బావ ముఖం వెలిగింది. చాలా రోజుల తర్వాత ఎవరో ఆయన్ని అడగవలసిన ప్రశ్న అడిగారు.

"ఒకే పెద్దదాంతో వచ్చే చిక్కే అదండీ. బేసు అంటే పాట అడుగున వచ్చే మోత, అదంతా గాలి. ఒక మూల నుంచి గట్టిగా ఊదితే గదిలో ఒకచోట గుట్ట పడుతుంది, ఒకచోట గొయ్యి పడుతుంది. మీరు గుట్ట మీద కూర్చున్నారు, అమ్మగారు గోతిలో కూర్చున్నారు. అదే చిన్నవి రెండు చేసి చెరోవైపు పెట్టి మెల్లగా ఊదిస్తే, దీని గొయ్యి అది పూడుస్తుంది, దాని గొయ్యి ఇది పూడుస్తుంది. హాలంతా చదునైపోతుంది."

"చిన్నవంటే మరీ చప్పగా ఉండవా?"

"తబలా చిన్నదే కదండీ?"

డాక్టరు గారు నవ్వారు. వెళ్ళేముందు ఇంకో మాట చెప్పారు. "నాతో పన్ను పీకించుకుని కూడా ఇంకా నాతో స్నేహంగా ఉన్న కాంట్రాక్టరు ఒకాయన ఉన్నాడు. కొత్తగా కడుతున్న ఫ్లాట్లన్నిటికీ హాల్లో సంగీతం ఏర్పాటు చేయిస్తానంటున్నాడు. మా ఇంట్లో వింటాడు. నచ్చిందా, బిల్డింగు మొత్తం మీదే."

ఆయన గొడుగు వీధి మలుపు తిరిగేదాకా చూసి, బావ నావైపు తిరిగాడు. "విన్నావుగా," అన్నాడు. విన్నాను. అద్దెకివ్వటమా, ఉంచటమా అన్నది ఇక ఆ రెండు పెట్టెల మీదే ఉందని ఇద్దరికీ తెలిసింది.

చోటు చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాం. బావ మా షాపులోని పాత పెట్టెని మోయించుకొచ్చి, తిన్నగా డాక్టరు గారి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"నా కుర్చీలో దాన్ని కూర్చోబెడుతున్నారేం?"

"మీ చోట్లో అది కూర్చుంటుందండీ, దాని చోటు కోసం మేం పాకుతాం. ఇక్కడ ఇది మోగుతుంటే గోడవారగా ఎక్కడ చెవికి సాఫుగా వినబడితే, అక్కడ పెట్టినప్పుడు మీకిక్కడ అంతే సాఫుగా వినబడుతుంది."

పాట పెట్టించి, పంచె ఎగగట్టి, మోకాళ్ళ మీదకు వంగి, చెవి నేలకి దగ్గరగా పెట్టి ఒక గోడ వెంట ఆయన, ఇంకో గోడ వెంట సుద్దముక్కతో నేను. డాక్టరు గారికి సరదా పుట్టి ఆయనా దిగారు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏం పోయిందండీ? ఉంగరమా?"

"లేదమ్మా, చోటు వెతుకుతున్నాం," అన్నాడు బావ సోఫా వెనక నుంచి.

"ఇంత హాల్లో చోటు దొరకలేదా?" అని, మొగుడి వైపు చూసింది. "మంచం కింద చెప్పు తియ్యమంటే నడుము పట్టేసిందంటారే! ఇప్పుడు ఏ గేదె తప్పిపోయిందని ఈ పాకటం?"

ఒక చోటు పుస్తకాల అలమర పక్కన దొరికింది. రెండోది సరిగ్గా ఆవిడ కుట్టుమిషను ఉన్నచోట దొరికింది. ఆవిడ మిషను మీద చెయ్యేసి నిలబడింది. "దీన్ని జరిపేది లేదు."

"జరపక్కర్లేదమ్మా. దాని కిందే పెడతాం. మీ కాలికి కూడా తగలదు," అన్నాడు బావ. వంగి, మిషను కింద గాలిలో చేతులతో పెట్టె కొలత చూపించాడు. ఆవిడ చెయ్యి తీసింది. ఆ రోజు దారిలో ఆయన ఈల వేస్తూ నడిచాడు. నేనూ ఆ ఈలకి అడుగు కలిపాను. కాదనను.

వానల్లో చెక్క నీళ్ళు తాగుతుంది. షాపులో ఉంచితే ఉబ్బి మూలలు విడిపోతాయని, పలకలన్నీ పైకి తీసుకెళ్ళి మా పడగ్గదిలో గోడకి ఆనించాను. మా ఆవిడ మంచం మీద కూర్చుని చూసింది. "పెళ్ళాన్ని బయట పడుకోబెట్టి పలకల్ని పక్కలో వేసుకునేలా ఉన్నారు," అంది. కోసింది కోసినట్టు, జిగురు రాసి, బిగించి, లోపల దూది పరిచి, రెండు పెట్టెలూ కవల పిల్లల్లా తయారుచేశాను. వైరింగుకి బావ ముందు పెట్టాను.

బావ కళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. అవి మసకబారి చాలా కాలమైంది. ట్యూబులైటు కింద ఎర్ర వైరూ నల్ల వైరూ ఆయనకి ఒకటే. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. నేను పసిగట్టింది ఎలాగంటే, పెన్సిల్ సెల్లుతో. స్పీకరుకి ముందువైపు కాగితపు గిన్నెలా ఉండేదాన్ని కోను అంటాం. పెట్టె వెనక ప్లేటుకి సెల్లు తగిలిస్తే కోను ముందుకి దూకాలి. వెనక్కి పోయిందంటే లోపల ప్లస్సూ మైనస్సూ తారుమారైనట్టు. బావ చేసినవి అప్పుడప్పుడూ వెనక్కి పోయేవి.

ఒక్క పెట్టె ఉన్నచోట అలా తారుమారైనా వినేవాడికి తెలీదు. వదిలేసినా అడిగేవాడు లేడు. నేను వదల్లేదు. మధ్యాహ్నం భోజనం చేసి ఆయన పైకెళ్ళి కునుకు తీసే వేళకి, వెనక ప్లేటు విప్పి, రెండు వైర్లూ అటుదిటు మార్చి, నాకొచ్చిన వంకర టంకం పెట్టి, మళ్ళీ బిగించేవాణ్ణి. ఆయన కిందికి వచ్చేసరికి నేను రంపానికి నూనె రాస్తూ ఉండేవాణ్ణి. ఆయనకి ఎలా చెప్పను? ఆయనింట్లో ఉంటూ, ఆయన బోర్డు కింద కూర్చుని, నీ కళ్ళు పోయాయి బావా అని చెప్పనా? చెప్పే మగవాడెవడైనా ఉంటే రమ్మనండి, నా సుత్తి ఇస్తాను, పని చేసుకుంటాడు.

ఈసారి రెండిట్లో ఒకటి బాగానే ఉంది. రెండోది వెనక్కి పోయింది. ఆ మధ్యాహ్నం కుండపోతగా వాన. రేకుల మీద చప్పుడుకి నా చెవులు నాకే వినబడటం లేదు. ఎప్పటిలాగే వెనక ప్లేటు దగ్గర మార్చేశాను. సెల్లు తగిలించి చూశాను, రెండూ ముందుకే దూకాయి. మర్నాడు బావ బజారుకెళ్ళాడు, నేనూ పాలిషు కొనటానికి వెళ్ళి, తిరిగొచ్చి, పాలిషు పట్టాను. మా షాపు ఆంప్లిఫయరుకి ఒక వైపే బతికుంది కాబట్టి ఒక్కోదాన్నీ విడివిడిగా మోగించి చూశాం. బంగారంలా మోగాయి.

"మనం ఇంకా ఉన్నాంరా," అన్నాడు బావ. ఆ మాట నాతో అన్నాడో, పెట్టెతో అన్నాడో తెలీదు.

బిగించే రోజు కాంట్రాక్టరు కూడా వచ్చాడు. పొట్టిగా, బలంగా, ఒక చేతిలో రెండు ఫోన్లతో. "తొందరగా వినిపించండి, స్లాబు పోస్తున్నారక్కడ," అంటూ డాక్టరు గారి కుర్చీలో కూలబడ్డాడు. అలమర పక్కన ఒకటి, మిషను కింద ఒకటి పెట్టి, వైర్లు కలిపి, పాట పెట్టాం.

బేసు లేదు.

కొంచెం ఉండటం, తక్కువగా ఉండటం కాదు. పాటకి నడుము కింద భాగం ఎవరో కోసుకుపోయినట్టుంది. గొంతు వినబడుతోంది, ఫిడేలు వినబడుతోంది, వాటి కింద నేల లేదు. డాక్టరు గారు బావ వైపు చూశారు. బావ అలమర పక్కదాన్ని ఆపాడు. మిషను కిందది ఒక్కటే నిండుగా మోగింది. దాన్ని ఆపి దీన్ని పెట్టాడు. ఇదీ నిండుగా మోగింది. రెండూ కలిపాడు. మాయం.

"ఇదేం లెక్కండీ?" అన్నాడు కాంట్రాక్టరు. "ఒకటుంటే ఉంది, రెండుంటే లేదు. మా తమ్ముళ్ళిద్దరి యవ్వారంలా ఉందే!"

డాక్టరు గారి భార్య ఫక్కున నవ్వి నోరు మూసుకుంది. నేను నవ్వలేదు.  సెల్లు పెట్టి చూసింది నేనే కదా? రెండూ ముందుకి దూకటం ఈ కళ్ళతో చూశాను కదా?

బావకి అప్పటికే అర్థమైంది. "ఒకటి తోస్తుంటే ఒకటి లాగుతోంది," అన్నాడు. "అమ్మా, ఆ రిమోటులో సెల్లు ఒకటి ఇలా ఇస్తారా?"

మొదటిదాని ముందు కూర్చుని, కోను మీద అరచెయ్యి ఆనించి, నన్ను వెనక సెల్లు తగిలించమన్నాడు. "తోసింది," అన్నాడు. రెండోదాని దగ్గరికి పాకి, అరచెయ్యి ఆనించాడు. "లాగింది."

"బావా, పెట్టె విప్పటం ఎందుకు? ఆంప్లిఫయరు దగ్గర వైరు మార్చేస్తే చిటికెలో పని," అన్నాను గబగబా.

"మారుతుంది. ఎందుకైందో చూడొద్దూ?"

"వాళ్ళకి తొందర..."

"నా చేతి పని తప్పిందిరా. చూసుకోనీ."

మరలు విప్పి స్పీకరు బయటికి తీశాడు. కళ్ళతో చూడలేదు. లోపలికి చెయ్యి పెట్టి, స్పీకరు దగ్గర టంకం మీద బొటనవేలు రాశాడు. ఆగాడు. మళ్ళీ రాశాడు. అక్కడి నుంచి వైరు పట్టుకుని వెనక ప్లేటు దాకా వెళ్ళి, అక్కడి టంకాన్ని తడిమాడు. నాకు ఆ గదిలో ఎక్కడైనా మాయమైపోవాలనిపించింది.

"ఇది మీ అక్కది," అన్నాడు, నాకు మాత్రమే వినబడేంత నెమ్మదిగా. "ముత్యంలా ఉంది, ఫ్యాక్టరీ చెయ్యి. ఇదేమో పిట్టరెట్టలా ఉంది. నీది." చెయ్యి బయటికి తీసి, దూదిపోగులు పంచెకి తుడుచుకున్నాడు. "నాది ఎక్కడుందిరా ఇందులో?"

 అక్కది అనగానే సంగతి నా బుర్రకీ ఎక్కింది. నేను వెనక వైపు మార్చాను, అక్క ముందు వైపు మార్చింది. ఇద్దరం మార్చాక మళ్ళీ బావ తప్పు దగ్గరికే వచ్చింది.

"ఏమైంది మేస్త్రీ?" కాంట్రాక్టరు లేచాడు.

"ఏం లేదండీ, ఒక వైరు," అన్నాడు బావ నవ్వుతూ. సంచిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసి, ప్లగ్గులో పెట్టి, వేడెక్కేదాకా ఆగి, పిడి నావైపు తిప్పి అందించాడు. "నువ్వే మార్చు. నీకు అలవాటేగా."

మార్చాను. పిట్టరెట్ట ఇంకా పెద్దదైంది. బిగించి, పాట పెట్టాం.

ఇప్పుడొచ్చింది బేసు. పెట్టెలోంచి వచ్చినట్టు లేదు. గోడలోంచో, నేలలోంచో, మన వీపులోంచో వచ్చినట్టుంది. ఎక్కడా గుద్దటం లేదు. అడుగు స్వరం ఒక్కోటీ విడిగా నడిచి వచ్చి కూర్చుంటోంది. డాక్టరు గారు ఒక కుర్చీ నుంచి ఇంకో కుర్చీకి మారి మారి కూర్చుని చూశారు. ఆయన భార్య మిషను ముందు స్టూలు మీద కూర్చుని, గుడ్డ మడత చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయింది. "ఈ పాటలో ఇది కూడా ఉందా?" అంది చివరికి. "ఇన్నేళ్ళూ నాకు సగమే వినిపించారన్నమాట."

"బిల్డింగు మొత్తం మీదే," అన్నాడు కాంట్రాక్టరు. "వానలు తగ్గగానే వస్తా. చెక్క సిద్ధంగా పెట్టుకోండి."

బావ దణ్ణం పెట్టాడు. సామానంతా ఒక్కోటీ గుడ్డతో తుడిచి సంచిలో పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు నా స్కూటరు వెనక కూర్చుని, ఎప్పుడూ నా భుజం పట్టుకునేవాడు, సీటు వెనక కడ్డీ పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక కాళ్ళు కడుక్కుని వంటింట్లో పీట మీద కూర్చున్నాడు. అక్క పళ్ళెం పెట్టింది. ఆయన పళ్ళెం పక్కకి జరిపి అడిగాడు: "ఎప్పట్నించి?"

అక్క నావైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

"ఆ పిల్లాడి వైపు చూడకు. నిన్నడుగుతున్నా. ఎప్పట్నించి నా వెనక నా పని దిద్దుతున్నావ్?"

"దిద్దటం ఏవిటి, టీ తెచ్చినప్పుడు కనిపించింది, నల్లది ప్లస్సుకి... మీరు బజారుకెళ్ళాక..." అక్క కొంగు చివర మెలిపెడుతూ, "ఈసారి ఒక్కసారే కాదు," అంది.

"నువ్వు?"

"నేనూ అంతే బావా," అన్నాను.

"దీనికి నీ సంగతీ, నీకు దీని సంగతీ తెలుసా?"

"తెలీదు," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆయన తల ఊపాడు. "మీ ఇద్దరూ చెప్పుకున్నా బావుండేది. నాకు చెప్పకపోతే పోనీ, పనైనా చెడేది కాదు," అని లేచి, పైకెళ్ళిపోయాడు. కోపంగా మెట్లెక్కితే ఆ మెట్లు మోగుతాయి. మోగలేదు.

ఆయన వెళ్ళగానే అక్క నా మీద విరుచుకుపడింది. "నీకెందుకురా ఆ వైర్లు? చెక్క పని చేసేవాడివి చెక్క పని చేసుకోక!"

"నీకెందుకే? వంట చేసేదానివి వంట చేసుకోక!"

"నేను ఆయన పెళ్ళాన్ని."

"పెళ్ళానివైతే చెప్పాలి. చాటుగా టంకం పెట్టటం పెళ్ళాం పనా?"

"చెప్తే ఆయన ముఖం చూడగలనా నేను? నువ్వు చూడగలిగావా? మీసాలున్న మగాడివి, నువ్వెందుకు చెప్పలేదు?"

అంతవరకూ స్టవ్వు దగ్గర అటు తిరిగి నిలబడ్డ మా ఆవిడ ఇటు తిరిగింది. "ఇంత జాగ్రత్తగా దిద్దారు ఇద్దరూ. కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని ఒక్కళ్ళకీ తోచలేదా వదినా?" అంది.

 నేను మా ఆవిడని కసిరాను. ఇంకేం చెయ్యను? ఆ మాటకి జవాబుంటే కసరక్కర్లేదు.

బావ కళ్ళ డాక్టరు దగ్గరికి తనే వెళ్ళాడు. మాకెవరికీ చెప్పకుండా, ఒక్కడే. ఒకనాడు నల్లద్దాలు పెట్టుకుని, కంటికి దూదితో రిక్షా దిగితే అక్క గుమ్మంలోనే ఏడ్చింది. కొన్నాళ్ళకి రెండో కన్నూ చేయించుకున్నాడు. పొర తీశారు, లోపల కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. కట్టు విప్పాక షాపులోకి వచ్చి, వైరు చుట్ట చేతిలోకి తీసుకుని, వెలుతురులో పెట్టి చూశాడు. "ఇంత ఎరుపా ఇది!" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. బల్ల తుడిచి, స్టూలు వేసి, లైటు వేశాను. ఆయన వైరు చుట్టని మేకుకి తగిలించి, పేపరు చదువుకుంటూ వాకిట్లో కూర్చున్నాడు. మర్నాడూ అంతే. చిరిగిన స్పీకరు ఎవరైనా తెస్తే, "మావాడు చూస్తాడు, లోపలికివ్వండి," అనేవాడు. సోల్డరింగ్ ఐరన్‌ని మళ్ళీ ముట్టుకోలేదు.

"కళ్ళు బాగయ్యాయిగా బావా," అన్నాను ఒకరోజు.

"బాగయ్యాయి," అన్నాడు పేపరు తిప్పుతూ. "బాగా కనబడుతోంది."

అక్క బతిమాలింది. మా ఆవిడ అన్నయ్యగారూ అంటూ కాఫీ ఇచ్చి నచ్చచెప్పింది. ఆయన కాఫీ తాగి, గ్లాసు కడిగి పెట్టాడు. నేనేం తప్పు చేశానో నాకిప్పటికీ తెలీదు. ఆయన పరువు నిలబెట్టాను. నా మధ్యాహ్నాలు పోసి నిలబెట్టాను. ఏ బావమరిది చేస్తాడు అంత? నిలబెట్టినట్టు తెలియటమే నేరమైపోయింది. తెలియనివ్వకుండా ఉంటే నేను దేవుణ్ణి, తెలిసిందని దొంగని.

అయినా ఆశ చావక, కాంట్రాక్టరు మాట పట్టుకుని పలకలు కోశాను. రెండేసి చొప్పున కట్టలు కట్టి పైన వరుసగా పేర్చాను. ఆయన కూడా మెట్ల మీద ఆ కట్టలు చూస్తూనే దిగేవాడు. ఏమీ అనేవాడు కాదు. పని వస్తే ఆయనే కూర్చుంటాడనుకున్నాను. ముఖం మీదకి వచ్చిన పనిని ఏ పనివాడూ కాలదన్నడు కదా.

వానలు తగ్గాయి. ఎండ కాసిన మొదటి వారంలో కాంట్రాక్టరు కారు షాపు ముందు ఆగింది. బావ పేపరు మడిచి, లేచి, ఎదురెళ్ళి దణ్ణం పెట్టాడు. నేను లోపల చిత్రిక పడుతున్నాను. చేతులు దులుపుకుని గుమ్మం దాకా వచ్చాను.

"మేస్త్రీ, ఫ్లాట్లు రెడీ. మీ రెండేసి పెట్టెలు మొదలెట్టండి."

"మేం మానేశామండీ," అన్నాడు బావ. "షాపు ఫోన్లవాళ్ళకి ఇచ్చేస్తున్నాం, వచ్చే నెల నుంచి."

నాకే అప్పుడు తెలిసింది.

"అదేంటయ్యా! మొన్నే కదా..."

"ఈ వీధి చివర గాజు తలుపుల షాపుంది, చూడండి. చిన్నవి, రెండు కలిపి అమ్ముతున్నారు. మనిషిని పంపి బిగించి వెళ్తారు. చోటు మాత్రం మీరు చూసుకుని పెట్టించండి, గోడకి దగ్గరగా. మీకే ఇబ్బందీ ఉండదు."

"రెడీమేడ్ కొనుక్కోవాలంటే ఇంత దూరం నీ దగ్గరికెందుకొస్తానయ్యా?" కాంట్రాక్టరు విసుగ్గా అని, గుమ్మంలో నిలబడ్డ నన్ను చూశాడు. "పోనీ, ఇతను చెయ్యడా? ఆ రోజు వైరు మార్చింది ఇతనే కదా?"

నేను ఒక అడుగు ముందుకి వేశాను. బావ నావైపు చూశాడు. ఎన్నాళ్ళ తర్వాతో సూటిగా చూశాడు, ఆ కొత్త కళ్ళతో.

"మా బావమరిదండీ," అన్నాడు. "మంచి పనివాడు. పక్కవాడు తప్పు చేశాడనుకోండి, వాడికి తెలియనివ్వడు. మాట్లాడకుండా సర్దేస్తాడు."

"ఈ రోజుల్లో అలాంటి మనిషి దొరకటమే!" అన్నాడు కాంట్రాక్టరు, నవ్వుతూ నా భుజం తట్టి.

"అవునండీ," అన్నాడు బావ. కారు తలుపు తెరిచి పట్టుకుని, గాజు తలుపుల షాపుకి దారి మళ్ళీ ఒకసారి వివరంగా చెప్పాడు.